గణితం, సైన్సు టీచర్ల శిక్షణను ఒకే పాఠాంశం చుట్టూ ఎలా నడపాలి?

ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తిపరమైన శిక్షణకు అవకాశం ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. గంటలైతే లెక్కకు వస్తాయి గాని, స్లయిడ్లు చూసి, హాజరు పట్టీలో సంతకం పెట్టి వచ్చిన శిక్షణ మర్నాడు తరగతి గది దాకా రాదు. స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరలోని కొన్ని బడుల సముదాయం) సమావేశాలను నడిపే ప్రధానోపాధ్యాయులు, శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్లు ఈ కింది పద్ధతిని ప్రయత్నించవచ్చు.

1. పిల్లల జవాబులు తెప్పించండి

సమావేశానికి వారం ముందే ఒక పాఠాంశాన్ని, ఉదాహరణకు దశాంశ భిన్నాలను, ఎంచుకోండి. 0.5, 0.45, 0.375లలో ఏది పెద్దదో, ఎందుకో రాయమని ఏడో తరగతి పిల్లలను అడిగి, ఆ కాగితాలను దిద్దకుండా తెమ్మని టీచర్లకు చెప్పండి. దాంతోపాటు 0.3, 0.45లలో ఏది పెద్దదని కూడా తప్పక అడిగించండి. ఈ రెండో ప్రశ్న ఎందుకో కింద చెబుతాను.

2. కాగితాలను కారణాలను బట్టి వేరుచేయించండి

మార్కులు వేయనివ్వకండి. 0.375 పెద్దదని రాసినవారు బిందువు తర్వాతి అంకెలను మూడువందల డెబ్బై ఐదుగా చదువుతున్నారు. 0.45ను మనమే ‘పాయింట్ నలభై ఐదు’ అని పలుకుతూ ఉంటే వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. ‘పాయింట్ నాలుగు ఐదు’ అనడం ముందు టీచరుకే అలవాటు కావాలి. ఇక 0.5 అని సరిగ్గా రాసినవారిలోనూ కొందరు, వందో వంతు పదో వంతుకన్నా చిన్నది కనుక అంకెలు పెరిగేకొద్దీ సంఖ్య తగ్గుతుందని అనుకుంటారు. మొదటి ప్రశ్నకు ‘రైట్’ కొట్టించుకున్న ఈ పిల్లలు రెండో ప్రశ్నకు 0.3 పెద్దదని రాసి దొరికిపోతారు. నా దృష్టిలో మొత్తం శిక్షణలో అత్యంత విలువైన అరగంట ఇదే.

తర్వాత టీచర్లందరికీ వంద గళ్ళ కాగితం ఇచ్చి, 0.5కు 50 గళ్ళు, 0.45కు 45 గళ్ళు రంగు వేయించండి. 0.375కు 37 గళ్ళు నిండాక ముప్ఫై ఎనిమిదో గడిలో సగమే వేయాలి. అక్కడ చర్చ దానంతటదే మొదలవుతుంది. రూపాయలు, పైసల ఉదాహరణ జోలికి మాత్రం పోకండి: 2.5ను రెండు రూపాయల ఐదు పైసలుగా చదివే ప్రమాదం ఉంది, పైగా పైసలను చూసిన పిల్లలే ఇప్పుడు అరుదు.

3. సైన్సు ప్రయోగాన్ని టీచర్ల చేతనే చేయించండి

ఒక టార్చి సెల్ (బ్యాటరీ), ఒక టార్చి బల్బు, ఒకే ఒక తీగ ఇచ్చి, హోల్డర్ లేకుండా బల్బు వెలిగించమనండి. పాఠం చాలాసార్లు చెప్పినవారు కూడా ఇక్కడ తడబడవచ్చు. బల్బుకు అడుగున ఉన్న మొన ఒక కొస అనీ, పక్కనున్న లోహపు తొడుగు రెండో కొస అనీ చేత్తో పట్టుకుని చూసినప్పుడే తెలుస్తుంది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పాఠశాలలతో మొదలై 2002 వరకు సాగిన సైన్సు బోధన కార్యక్రమం ఈ పద్ధతిలోనే నడిచింది. పిల్లలు చేయబోయే ప్రయోగాలను శిక్షణలో టీచర్లే ముందుగా చేసేవారు. ఆపైన నెలనెలా కలిసి, తరగతిలో ఎదురైన చిక్కులను చర్చించుకునేవారు.

4. తరగతిలో పిల్లలను గమనించండి

అందరూ కలిసి రాసుకున్న పాఠ్యపథకంతో ఒకరు పాఠం చెబుతుంటే, మిగిలినవారు తలా ముగ్గురు పిల్లల నోటు పుస్తకాలను గమనించాలి. టీచరు మీద రిమార్కులు రాయకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. తనిఖీ వాసన తగిలితే మరొకరు ముందుకు రారు.

5. నెల తర్వాత మళ్ళీ అడగండి

సంఖ్యలు మార్చి, 0.7, 0.68, 0.625లతో ఒకసారి, 0.2, 0.36లతో మరోసారి అవే ప్రశ్నలు ఇవ్వండి. పాత కాగితాల పక్కన కొత్తవి పెట్టి, ఏ పిల్లల కారణం మారిందో, ఎవరిది మారలేదో పేరుపేరునా రాసుకోండి. తర్వాతి సమావేశపు పని ఆ పేర్లతోనే మొదలవుతుంది.