ఆర్కిటెక్చరల్ టెక్నాలజిస్టు కావాలనుకునే వారికి: పదో తరగతి నుంచి మొదటి కొలువు దాకా

భవనం ఎలా కనిపించాలో, గదులు ఎలా అమరాలో ఆర్కిటెక్టు నిర్ణయించిన తర్వాత, ఆ రూపం వాన కారకుండా, కొలత తప్పకుండా నిలబడేందుకు ప్రతి అతుకునూ ఆలోచించి గీసే మనిషి ఒకరు కావాలి. బ్రిటన్, కెనడాలలో ఆ పని చేసేవారిని ఆర్కిటెక్చరల్ టెక్నాలజిస్టులంటారు. మన దగ్గర వారిని ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్, డ్రాఫ్ట్స్‌మన్, బిమ్ మోడలర్ (భవనాన్ని దాని వివరాలతో సహా కంప్యూటర్లో త్రీడీ నమూనాగా తయారుచేసేవారు) వంటి పేర్లతో కొలువులోకి తీసుకుంటారు. ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే తమను ఆర్కిటెక్టుగా చెప్పుకోవాలి కాబట్టి, ఎంత అనుభవం వచ్చినా ఆ పేరును విజిటింగ్ కార్డు మీద వేసుకోకూడదు.

పదో తరగతి తర్వాత నేరుగా ఈ వృత్తిలోకి వచ్చే దారి మూడేళ్ల ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌షిప్ డిప్లొమా. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దీనికి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన పాలిసెట్ రాయాలి, అందులో గణితానిదే పెద్ద వాటా. అన్ని పాలిటెక్నిక్కులలోనూ ఈ బ్రాంచి ఉండదు కనుక, కౌన్సెలింగ్‌కు ముందే అది ఏయే కళాశాలల్లో ఉందో చూసి ఆప్షన్లు రాసుకోవాలి. సీటు రాకపోతే సివిల్ డిప్లొమా గానీ, ఐటీఐలో రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ట్రేడు గానీ తీసుకోవచ్చు. గణితం ఒక పాఠ్యాంశంగా డిప్లొమా పూర్తి చేసినవారు తర్వాత ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష అయిన నాటా రాసి అయిదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ బీ.ఆర్క్‌లోనూ చేరవచ్చు.

ఇక చదువులో అసలు దృష్టి ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. చాలామంది విద్యార్థులు ప్లాను, త్రీడీ బొమ్మలతో సరిపెట్టుకుంటారు, కానీ ఈ వృత్తికి ప్రాణం సెక్షన్ డ్రాయింగు. భవనాన్ని నిలువుగా కోసి చూపినప్పుడే పునాది నుంచి పిట్టగోడ దాకా ఏది దేని మీద కూర్చుందో బయటపడుతుంది. మెట్లనే తీసుకోండి. నివాస భవనాల్లో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించరాదని, కాలు మోపే తలం వెడల్పు 250 మిల్లీమీటర్లకు తగ్గరాదని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. అంటే అంతస్తు ఎత్తు 3 మీటర్లు అనుకుంటే, 187.5 మిల్లీమీటర్ల చొప్పున 16 మెట్ల ఎత్తులు రావాలి. వాటిని రెండు వరుసలుగా మలిస్తే ఒక్కో వరుసలో ఎనిమిది ఎత్తులు, కాలు మోపే తలాలు ఏడు, అంటే 1,750 మిల్లీమీటర్ల పొడవు, ఆపైన ల్యాండింగు పడతాయి. ఈ లెక్క ముందే వేయని ప్లానులో మెట్ల గదికి స్థలం చాలదు. అది సెంట్రింగ్ కొట్టే రోజున తెలిస్తే మేస్త్రీ తనకు తోచినట్టు ఎత్తులు పెంచేస్తాడు, ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ఆ మెట్లతోనే అవస్థ పడతారు.

అలాగే సజ్జ అంచు కింద చిన్న గాడి లేకపోతే వాన నీరు అడుగు భాగం వెంట పాకి గోడకు చేరుతుంది. బాత్రూము వెడల్పును ఇటుక గోడల మధ్య 1,200 మిల్లీమీటర్లుగా రాసి వదిలేస్తే, ప్లాస్టరింగు, టైల్సు అయ్యాక మిగిలే జాగా ఇంకా తగ్గుతుంది. కనుక కొలత ఇటుక ముఖం నుంచా, పూర్తయిన ముఖం నుంచా అన్నది డ్రాయింగు మీదే స్పష్టంగా రాయాలి. నా దృష్టిలో మంచి డ్రాయింగు అంటే మేస్త్రీ ఫోను చేసి అడగాల్సిన ప్రశ్న మిగల్చనిది. ఆ ప్రశ్నలేమిటో తెలియాలంటే నిర్మాణ స్థలానికి వెళ్లడం తప్ప మార్గం లేదు. సెలవుల్లో దగ్గరలో కడుతున్న ఇంటికి టేపు, నోటుపుస్తకం తీసుకుని వెళ్లి, కిటికీ చట్రం గోడలో ఎలా కూర్చుందో, డాబా మీద వాటం ఎటు ఇచ్చారో కొలిచి గీయడాన్ని మించిన అభ్యాసం నాకు తెలియదు.

సాఫ్ట్‌వేర్లలో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ తప్పనిసరి, దాని తర్వాత బిమ్ నమూనాలు చేసే రెవిట్. లేయర్లకు, అంటే గోడలు, తలుపుల వంటివాటిని డ్రాయింగులో విడివిడిగా ఉంచే పొరలకు, క్రమంగా పేర్లు పెట్టే అలవాటు మొదటి నుంచీ ఉండాలి. రెండు రాష్ట్రాల్లోనూ భవన అనుమతుల దరఖాస్తులు ఆన్‌లైన్లో వెళ్తున్నాయి, డ్రాయింగును సాఫ్ట్‌వేరే పరిశీలిస్తోంది. నిర్దేశించిన లేయర్లలో గీయని ప్లానును అది సరిగా చదవలేదు. దీనితో పాటు తెలంగాణ 2012 నాటి బిల్డింగ్ రూల్స్‌నూ, ఆంధ్రప్రదేశ్ 2017 నాటి బిల్డింగ్ రూల్స్‌నూ వాటి తర్వాతి సవరణలతో సహా చదివి, సెట్‌బ్యాకులు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ), పార్కింగు, ఎత్తు పరిమితులు ఒక చిన్న స్థలానికి స్వయంగా వర్తింపజేసి చూడాలి. నియమాలు తెలిసిన డ్రాఫ్ట్స్‌మన్‌ను ఏ ఆఫీసూ తేలిగ్గా వదులుకోదు.

హైదరాబాద్‌లో విదేశీ ప్రాజెక్టులకు బిమ్ మోడళ్లు చేసే సంస్థలు చాలా ఉన్నాయి. జీతం దృష్ట్యా అవి ఆకర్షిస్తాయి, పనిలో క్రమశిక్షణా నేర్పుతాయి. అయితే అక్కడ ఒకే రకం పని నెలల తరబడి చేయాల్సి రావచ్చు, నిర్మాణ స్థలం కంటికి కనబడదు. అందుకే మొదటి రెండేళ్లు చిన్న ఆర్కిటెక్టు ఆఫీసులో, జీతం కొంత తక్కువైనా, పునాది మార్కింగు నుంచి రంగుల దాకా ఒక భవనాన్ని చూసి, ఆ తర్వాత బిమ్ వైపు వెళ్లమని నా సలహా. ఇంటి పరిస్థితి అందుకు ఒప్పుకోకపోతే బిమ్‌తో మొదలుపెట్టడం తప్పేమీ కాదు, ఆదివారాలు సైటుకు కేటాయిస్తే చాలు. డిప్లొమా పూర్తయినవారికి కేంద్ర ప్రభుత్వ నాట్స్ పథకం కింద స్టైపెండుతో కూడిన ఏడాది అప్రెంటిస్‌షిప్ అవకాశమూ ఉంది.

విదేశాల ఆలోచన ఉన్నవారు బ్రిటన్‌లోని ఆర్కిటెక్చరల్ టెక్నాలజిస్టుల వృత్తి సంస్థ సీఐఏటీ గురించి తెలుసుకోవాలి. 1965లో మొదలైన ఈ సంస్థకు 2005లో రాయల్ చార్టర్ (రాచరికం ఇచ్చే అధికార పత్రం) లభించింది, చార్టర్డ్ ఆర్కిటెక్చరల్ టెక్నాలజిస్టు గుర్తింపునిచ్చేది ఇదే. అక్కడికి చదువుకోసం వెళ్లేవారు తాము చేరబోయే కోర్సుకు సీఐఏటీ గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టక ముందే చూసుకోవాలి.

ఉద్యోగానికి వెళ్లేటప్పుడు త్రీడీ రెండర్లతో నింపిన పోర్ట్‌ఫోలియో కన్నా, ఒకే చిన్న ఇంటికి పూర్తి వర్కింగ్ డ్రాయింగుల (నిర్మాణానికి వాడే డ్రాయింగుల) సెట్టు పట్టుకెళ్లడం మేలు. అందులో సెంటర్‌లైన్ ప్లాను (గోడలు, స్తంభాల మధ్యరేఖలు చూపేది), రెండు సెక్షన్లు, తలుపులు కిటికీల షెడ్యూలు, ఒక బాత్రూము, మెట్లు, పిట్టగోడ వివరాలు ఉండాలి. వాటిలో ప్రతి గీత ఎందుకు అక్కడ ఉందో అడిగితే తడుముకోకుండా చెప్పగలిగేలా సిద్ధమై వెళ్లండి, ఇంటర్వ్యూలో అడిగేది ఎక్కువగా దాని గురించే.