పక్క రాష్ట్రంలో ముద్దాయిని పట్టుకోవాలంటే

నెల్లూరులో పన్నెండేళ్లు క్రైమ్ డ్యూటీ చేసి రిటైరయ్యాను. కొత్త కానిస్టేబుళ్లు ఎదురైతే ఒకటే అడుగుతారు: "సార్, ముద్దాయి తమిళనాడులో ఉన్నాడు, ఎట్టా?"

చట్టం అడ్డం రాదు. వారెంట్ లేకుండా అరెస్టు చేయదగ్గవాణ్ణి దేశంలో ఎక్కడిదాకానైనా తరుముకుంటూ పోవచ్చని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 45వ సెక్షన్ చెబుతోంది. తమిళనాడు సరిహద్దులోని తడ దాటితే మన పవర్ పోతుందనేది ఉత్తమాట. పవరుంది కదా అని లోకల్ స్టేషన్ గడప తొక్కకుండా నేరుగా ఇంటి మీదికి పోతేనే చిక్కు.

ఒకసారి లారీ దొంగ కోసం తెల్లవారుజామున సేలంలో దిగాం, మఫ్టీలో. అక్కడ ఇళ్లకు పాత నంబరు, కొత్త నంబరు అని రెండుంటాయి. మా కాగితంలో ఉన్న 14 ఏదో చూసుకోలేదు. మేం తలుపు కొట్టింది ఒక పెద్దాయన ఇల్లు. "తిరుడన్, తిరుడన్" (దొంగ, దొంగ) అని ఆయన అరిచేసరికి వీధంతా లేచింది. తమిళం వచ్చని వెంట తెచ్చుకున్న మావాడికి 'వాంగ, సాప్పిడుంగ' (రండి, తినండి) దాటి రాదు. ఈ గోలకి అసలువాడు గోడ దూకాడు.

అందుకని, బయల్దేరే ముందే పై ఆఫీసర్ల అనుమతి, జీడీ (స్టేషన్ జనరల్ డైరీ) ఎంట్రీ, ఎఫ్‌ఐఆర్ కాపీ, ముద్దాయి ఫొటో, మన ఐడీ కార్డులు. తెలుగు ఎఫ్‌ఐఆర్ అక్కడ ఎవరూ చదవలేరు, ఇంగ్లిష్‌లో ఒక పేజీ సారాంశం పెట్టుకోండి.

ఊళ్లోకి దిగాక ముందు స్టేషన్‌కే. మన రాక వాళ్ల జీడీలో రాయించి, బీట్ కానిస్టేబుల్‌ని తోడడగండి. విషయం లీకవుతుందని టెన్షన్ ఉంటే ఆఖరి గంటలో చెప్పండి, చెప్పడం మాత్రం మానొద్దు. సోదా ఆ స్టేషన్ వాళ్లచేతే చేయించొచ్చు. ఆలోగా సొత్తు మాయమవుతుందనుకుంటే బీఎన్‌ఎస్‌ఎస్ 186 కింద మనమే చేసి, దొరికినవాటి లిస్టుతో వాళ్లకు వెంటనే నోటీసివ్వాలి. ఫోన్‌లో వీడియో తప్పనిసరి.

పట్టుకున్నాక కారణం వాడికి చెప్పాలి, ఎక్కడికి తీసుకెళ్తున్నామో ఇంట్లోవాళ్లకు చెప్పాలి. మెజిస్ట్రేట్ ముందు పెట్టాల్సిన 24 గంటల్లో ప్రయాణం టైం కలవదు గానీ, ఆ ధీమాతో సేలం నుంచి బండెక్కొద్దు. దగ్గరి మెజిస్ట్రేట్ దగ్గర ట్రాన్సిట్ రిమాండ్ (ముద్దాయిని మన కోర్టుకు తీసుకెళ్లే అనుమతి) తీసుకోండి. వాడు అప్పటికే అక్కడి జైల్లో ఉంటే పరుగులక్కర్లేదు, మన కోర్టులో పీటీ వారెంట్ (జైల్లో ఉన్నవాణ్ణి మన కోర్టుకు తెప్పించే ఉత్తర్వు) వేస్తే చాలు.

దారిలో భోజనానికి ఆగితే ముద్దాయికీ మనతోపాటే పెట్టించి, ఆ బిల్లు జాగ్రత్తగా దాచండి.