గోదావరి డెల్టాపై పరిశోధనా? లైబ్రరీ కేటలాగులో ఇలా వెతకండి

ధవళేశ్వరం ఆనకట్ట మీదో, డెల్టా కాలువల మీదో పరిశోధన మొదలుపెట్టినవారు యూనివర్సిటీ లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగులో ‘గోదావరి’ అని కొట్టి, వచ్చిన నాలుగు పుస్తకాలతో సరిపెట్టుకుంటే చాలా నష్టపోతారు. మీ ఉద్దేశం కేటలాగుకు తెలియదు, మీరు కొట్టిన అక్షరాలే తెలుసు.

అందుకే మొదట కాగితం మీద మాటలు రాసుకోండి. అసలు పని ఇక్కడే ఉంది. 1847–52 మధ్య కాటన్ కట్టించిన ఆనకట్టను పాత ఇంగ్లీషు పుస్తకాలు ‘ఆనికట్’ అంటాయి. ‘డ్యామ్’ అని వెతికితే అవి రావు. 1878లో హెన్రీ మోరిస్ రాసిన గోదావరి జిల్లా చరిత్ర పేరులో గోదావరి స్పెల్లింగు ‘వెరీ’ (Godavery) అని ముగుస్తుంది, కాబట్టి అలా కూడా వెతకాలి. జిల్లాల సరిహద్దులు కూడా చూసుకోవాలి. భీమవరం, తణుకు తాలూకాలు 1904లో కృష్ణా జిల్లాలో కలిశాయి, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడేదాకా అక్కడే ఉన్నాయి. ఆ కాలపు భీమవరం సంగతులు కావాలంటే ‘కృష్ణా’ అనీ, పాత స్పెల్లింగులో ‘కిస్ట్నా’ అనీ వెతకాల్సిందే.

తర్వాత ఒక్కో మాటా కీవర్డ్ పెట్టెలో కొట్టండి. ఫలితాలు మరీ ఎక్కువైతే రెండు మాటలను ‘అండ్’తో కలపండి. తెలుగు పుస్తకాలను తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ వెతకాలి, ఎందుకంటే చాలా లైబ్రరీలు తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోనే నమోదు చేశాయి.

పనికొచ్చే పుస్తకం ఒక్కటి కనబడగానే దాని పూర్తి వివరాలు తెరవండి. కింద ‘సబ్జెక్ట్’ వరుసలో సాగునీరు, డెల్టా వంటి శీర్షికలుంటాయి. వాటిని నొక్కితే, పేరులో ఆ మాట లేకపోయినా అదే విషయం మీదున్న పుస్తకాలు బయటపడతాయి. నాకు అన్నిటికన్నా నమ్మకమైన దారి ఇదే.

పుస్తకం ఏ ర్యాక్‌లో ఉందో చెప్పే కాల్ నంబర్ రాసుకుని, పుస్తకం లైబ్రరీలోనే ఉందో, ఎవరైనా తీసుకెళ్లారో చూసి ర్యాక్ దగ్గరికి వెళ్లండి. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచ్చే డ్యూయీ పద్ధతిలో నీటి ఇంజనీరింగ్ 627లో, సాగునీరు 631.587లో, ఆంధ్రప్రదేశ్ చరిత్ర 954.84లో ఉంటాయి. ఆనకట్ట పుస్తకాలు ఈ మూడు చోట్లా చెదిరి ఉండవచ్చు కాబట్టి పక్కనున్నవీ తిరగేయండి.

పత్రికా వ్యాసాలు సాధారణంగా కేటలాగులో విడివిడిగా కనబడవు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారం ఉంది, పాత తెలుగు పుస్తకాలకు రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం ఉంది. శోధ్‌గంగలో మీ విషయానికి దగ్గరగా ఉన్న గ్రంథం దొరికితే ముందు చివరి పుటల్లోని పుస్తకాల జాబితా చూడండి. అందులోని రచయితల పేర్లతో మళ్లీ కేటలాగులో వెతకండి.