ఊనఖ్ ఎగఖ్ రిడ్జ్‌ను ఒక్క పగటిలో దాటడం ఎలా

స్కాట్లాండ్ హైలాండ్స్‌లోని గ్లెన్‌కో లోయకు ఉత్తరాన గోడలా నిలిచిన ఊనఖ్ ఎగఖ్ రిడ్జ్‌ను, అంటే ఇరుకైన కొండ కొనను, దాటదలచినవారు ముందుగా ఒక సంగతిని మనసులో నిలుపుకోవాలి. తూర్పున ఉన్న ఆమ్ బోడఖ్ శిఖరం మొదలుకొని పడమట స్టోబ్ కోరీ లే శిఖరం వరకు, సుమారు రెండు కిలోమీటర్ల మేర, గ్లెన్‌కో రహదారి వైపు క్షేమంగా దిగే దారి ఎక్కడా లేదు. గడ్డి, రాళ్లు కలగలిసిన ఆ వాలు పైనుంచి చూసేవారికి దిగదగినట్లే కనిపిస్తుంది గానీ, కొంత దూరం పోయాక నిలువు కొండచరియగా మారుతుంది. అందువల్ల వాతావరణం, ఒంట్లోని ఓపిక, తోటివారి ధైర్యం, మిగిలిన పగటి వెలుగు, వీటన్నిటి లెక్కను ఆమ్ బోడఖ్ మీదనే తేల్చుకోవాలి. అక్కడినుంచి వెనుదిరగడం సులువు. ఆపైన ప్రతి అడుగుకూ అది కష్టమవుతుంది.

దీనిని గ్రేడ్ 2 స్క్రాంబుల్‌గా లెక్కిస్తారు. అంటే నడకతో పాటు చేతులతో రాతిని పట్టుకుని ఎక్కడం, దిగడం కూడా తప్పవు, అదీ ఇరువైపులా అగాధం కనిపిస్తుండగా. ఇంతవరకు కాలిబాటలపైనే నడిచినవారు దీనితో మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. బెన్ నెవిస్‌ను ఆనుకుని ఉన్న కార్న్ మోర్ జెరగ్ ఆరెట్ వంటి తేలికైన రిడ్జ్‌పై ముందు అలవాటు పడటం మంచిది. అలవాటు లేకపోయినా వెళ్లి తీరాలనుకునేవారు అర్హత గల గైడ్‌ను కుదుర్చుకుని, తాడు సాయంతో దాటాలి. మంచు పేరుకున్న కాలంలో ఇది ఐస్ యాక్స్, క్రాంపాన్లు (బూట్ల అడుగున బిగించుకునే ఇనుప ముళ్లు), తాడు అన్నీ కావలసిన పర్వతారోహణ మార్గం. ఇక్కడ చెబుతున్నదంతా మంచు లేని వేసవి నెలలకే వర్తిస్తుంది.

సమయం అంచనా వేయడంలో చాలామంది పొరబడతారు. గంటకు ఐదు కిలోమీటర్ల నడక, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట అనే నైస్మిత్ సూత్రం 1892 నుంచి వాడుకలో ఉంది. దాని ప్రకారం సుమారు 9 కిలోమీటర్ల దూరం, 1,100 మీటర్ల ఎక్కుడు ఉన్న ఈ మార్గం నాలుగు గంటల్లోపే ముగియాలి. వాస్తవంలో ఏడు నుంచి తొమ్మిది గంటలు పడుతుంది. రాతి మీద అడుగు చూసుకుని వేయవలసి రావడం ఒక కారణం. ఇరుకైన చోట్ల ముందున్న బృందాన్ని దాటిపోవడానికి వీలులేక నిలబడిపోవడం మరో కారణం. వారాంతాల్లో ఈ నిరీక్షణే గంటకు పైగా సాగవచ్చు కనుక ఉదయాన్నే బయలుదేరాలి.

ముందురోజు సాయంత్రం మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వారి సూచనలో వెస్ట్ హైలాండ్స్ భాగాన్ని చదవండి. అందులో వాన కన్నా ముందు చూడవలసింది శిఖరాలపై గాలి వేగం. లోయలో ఆకు కదలకపోయినా పైన మనిషిని తూలిపడేలా చేసే గాలి వీయవచ్చు. గంటకు 40 కిలోమీటర్లకు మించిన గాలి చెబితే ఆ రోజుకు వేరే కొండను ఎంచుకోవడమే మేలు. ఇక్కడిది ప్రాచీన అగ్నిపర్వత శిల. లెక్కలేనన్ని బూట్ల రాపిడికి చాలా చోట్ల నున్నగా మెరుస్తుంటుంది, తడిసిందంటే పట్టు దొరకడం కష్టం. రాత్రంతా వాన కురిసి ఉంటే తెల్లవారి ఎండ కాసినంత మాత్రాన నమ్మవద్దు.

సంచి చిన్నదిగా, వీపుకు అంటిపెట్టుకుని ఉండాలి. చేతికర్రలు తెచ్చుకుంటే ఆమ్ బోడఖ్ మీద వాటిని పూర్తిగా మడిచి సంచి లోపల పెట్టేయండి. బయట వేలాడే కర్ర దిగేటప్పుడు రాతికి తగులుకుని మనిషిని ముందుకు నెడుతుంది. రిడ్జ్ మీద నీరు దొరకదు కనుక తలకు రెండు లీటర్లు మోసుకెళ్లాలి. హెల్మెట్, వాన దుస్తులు, చేతి తొడుగులు, తలకు కట్టుకునే దీపం, మ్యాపు, దిక్సూచి, ఈల తప్పనిసరి. ప్రమాదం జరిగితే 999కు ఫోన్ చేసి మొదట పోలీసులను, వారి ద్వారా మౌంటెన్ రెస్క్యూను అడగాలి. ఫోన్ అందకపోతే నిమిషానికి ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి.

దారిని తూర్పు నుంచి పడమరకు పట్టడమే ఆనవాయితీ. ఏ82 రహదారి పక్కన ఆల్ట్ నా రీ ఇంటికి దగ్గరలో ఉన్న పార్కింగ్ నుంచి మొదలయ్యే బాట విడుపు లేని నిటారు ఎక్కుడుతో 943 మీటర్ల ఆమ్ బోడఖ్‌కు చేరుస్తుంది. ఆ శిఖరం నుంచి పడమటికి దిగే మెట్టే తొలి పరీక్ష, చాలామంది ఆగిపోయే చోటు కూడా అదే. లోయ వైపు ముఖం పెట్టి జారుతూ దిగాలని చూడకండి. రాతి వైపు తిరిగి, రెండు చేతులకూ పట్టు చూసుకుని, ఒక పాదం కుదురుకున్నాకే రెండోది కదపండి. రాయి మీద బరువు వేసే ముందు అది కదులుతుందేమో తట్టి చూడండి. ఇక్కడే కాళ్లు వణికితే వెనక్కి వెళ్లండి. ముందున్న చోట్లు ఇంతకంటే తేలిక కాదు.

ఆ తర్వాత 953 మీటర్ల మియల్ జెరగ్ వరకు నడక కొంత కుదుటపడుతుంది. స్కాట్లాండ్‌లో 3,000 అడుగులకు మించిన కొండలైన మన్రో శిఖరాలన్నిటినీ తొలిసారి ఎక్కినవాడిగా పేరొందిన రెవరెండ్ ఎ. ఇ. రాబర్ట్‌సన్ 1901లో తన జాబితాను ముగించింది ఈ శిఖరం మీదే. ఇక్కడినుంచి ఉత్తరంగా లోఖ్ లెవెన్ వైపు దిగవచ్చు గానీ, అది మిమ్మల్ని బయలుదేరిన చోటికి చాలా దూరాన వదిలేస్తుంది.

అసలు కష్టం దీని తర్వాతే. పాత కంచె తాలూకు ఇనుప గుంజల వెంట సాగిన దారి ఎగుడుదిగుడు రాతి కొమ్ముల మీదికి చేరుతుంది; వీటిలో చివరివాటిని క్రేజీ పినకిల్స్ అంటారు. నున్నబడిన రాయి, అరిగిన అడుగుజాడలు సరైన దారికి గుర్తులు. పక్కకు దిగి చుట్టి పోదామనిపించే సన్నని మట్టి బాటలు ప్రమాదకరం. రాతి మీద గట్టి పట్టు దొరికే కొనపైనే ఉండటం ఎక్కువ క్షేమం. ఒకరు కదులుతుండగా మిగిలినవారు ఆగి చూడాలి, కింద ఎవరూ ఉండకూడదు. స్టోబ్ కోరీ లే చేరాక చేతుల పని ముగుస్తుంది. అక్కడినుంచి 967 మీటర్ల స్కోర్ నమ్ ఫియానీకి వెడల్పైన రాళ్ల దారి.

దిగేటప్పుడు క్లఖేగ్ గలీ అనే నిలువు చీలిక పక్కన కనిపించే బాటను ఎట్టి పరిస్థితుల్లోనూ ఎంచుకోకండి. అలసిన కాళ్ల కింద అక్కడి వదులు రాళ్లు జారుతాయి, జారినవారిని ఆపడానికి ఆ చీలిక అంచున ఏమీ ఉండదు. దూరమనిపించినా పడమటికి సాగి, పాప్ ఆఫ్ గ్లెన్‌కోకు ముందున్న కనుమ చేరి, అక్కడి బాట వెంట గ్లెన్‌కో గ్రామం వైపు దిగడం మంచిది. బయలుదేరిన పార్కింగ్ అక్కడికి అనేక కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కాబట్టి రెండు వాహనాలున్నవారు ఉదయమే ఒకదాన్ని గ్రామం వద్ద ఉంచాలి. లేనివారు సాయంత్రపు బస్సు వేళలను ముందే చూసుకుని, ఆ వేళకు గంట ముందుగా కిందికి చేరేలా బయలుదేరే సమయాన్ని నిర్ణయించుకోవాలి.