మీ కంపెనీకి వికీపీడియా పేజీ అయితదా? ముందుగాల ఇది చూస్కోండ్రి

హన్మకొండల కంపెనీ పెట్టినోల్లు శానమంది వికీపీడియాల పేజీ కావాలె అంటున్నరు, మంచిదే గని రాసుడు మొదలువెట్టకముందు ఒక్కటి చూడాలె, మీతోని ఏ సంబంధం లేనోల్లు మీ గురించి వివరంగ రాసిన్రా లేదా. టర్నోవర్ ఎంత, స్టాఫ్ ఎంతమంది అన్నది లెక్కకు రాదు.

పేపర్ కటింగులన్నీ ముంగట ఏస్కొని ఒక్కొక్కటి చదవండి. ఓపెనింగ్‌కు ఎమ్మెల్యే వచ్చిండన్న వార్త, మీరు పంపిన ప్రెస్‌నోట్ ఉన్నదున్నట్టు అచ్చేసింది, ఓనర్ ఇంటర్వ్యూ, పైసలిచ్చి ఏపిచ్చిన స్పెషల్ పేజీ, ఫండింగ్ వచ్చిందన్న నాలుగు లైన్లు, ఇవన్నీ పక్కకు పెట్టాలె. ఒకే ప్రెస్‌నోట్ పది పేపర్లల్ల వచ్చినా అది ఒక్కటే కింద లెక్క! మిగిలినయి ఏంది? విలేకరి సొంతంగ తిరిగి రాసింది, పుస్తకంల చాప్టర్, రీసెర్చ్ పేపర్, ఇసొంటియి వేర్వేరు చోట్ల రెండు మూడన్న ఉండాలె.

మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు చూడండి, 1934ల పెట్టిన్రు, తర్వాత మూతపడ్డది, అయినా దానికి పేజీ తగుతది, ఎందుకంటే కంపెనీ మూతవడితే దాని మీద వేరేటోల్లు రాసింది యాడికీ పోదు.

సొంత కంపెనీ పేజీ మీరే రాసుకునుడు మంచిగుండదు, పైసలు తీస్కొని రాసేటోడైతే ఆ సంగతి వికీపీడియాల చెప్పాల్సిందే, రూలే అట్లున్నది. "పేజీ గ్యారంటీ" అనేటోల్లకు దయచేసి పైసలియ్యకండి, ఆల్లు పెట్టినా వికీపీడియాల రాసే వేరేటోల్లు చర్చ పెట్టి తీసేపియ్యొచ్చు.