జెండా పండుగకు ముందు రోజు చూసుకోవాల్సినవి

జెండా వందనంలో పొరపాటు జరిగిందంటే ఎక్కువగా తాడు దగ్గరే. అతిథి లాగుతారు, జెండా విచ్చుకోదు. లేదా విచ్చుకుంటే ఆకుపచ్చ పైన ఉంటుంది. అందుకని వార్డు కమిటీ అయినా అపార్ట్‌మెంటు సంఘమైనా, ఆగస్టు 14న, జనవరి 25న సాయంత్రం ఒక గంట దిమ్మె దగ్గరే ఉండాలి.

ముందు కప్పీ చూడండి. ఏడాదికి రెండుసార్లే తిరిగే కప్పీ సముద్రపు గాలికి తుప్పుపట్టి బిగుసుకుంటుంది. కావలి, కొత్తపట్నం వైపు మరీను. నూనె వేసి తిప్పండి, తాడు గాడిలోంచి పక్కకు జారకూడదు. తాడు పొడవు స్తంభం ఎత్తుకు రెండింతలు, ఆపైన ఇంకో ఆరడుగులు ఉండాలి. చివికిన తాడు వాడొద్దు. జెండా పైకెక్కాక తెగితే నిచ్చెన కోసం పరుగులు పెట్టాలి.

జెండా నిడివి స్తంభం ఎత్తులో నాలుగో వంతు నుంచి మూడో వంతు ఉంటే చూడముచ్చటగా ఉంటుంది. 20 అడుగుల స్తంభానికి 6×4 అడుగులది, 12 అడుగులదానికి 3×2 అడుగులది సరిపోతుంది. ఏ సైజైనా నిడివి, వెడల్పు 3:2గా ఉండాలి, చక్రంలో 24 ఆకులుండాలి. చవక జెండాల్లో చక్రం కోడిగుడ్డులా సాగి ఉంటుంది కాబట్టి అంగట్లోనే విప్పి చూసి కొనండి. జెండా నియమావళికి 2021 డిసెంబరులో చేసిన సవరణ తర్వాత పాలియెస్టర్ జెండా కూడా చెల్లుతుంది.

ఇక ముడి. జెండాలో కాషాయం వైపు కొసను పైకి లాగే తాడుకు, ఆకుపచ్చ వైపు కొసను కిందికి లాగే తాడుకు కట్టాలి. చుట్టాక రంగుల వరస తెలియదు. అందుకే మడవకముందే ఒకసారి పైదాకా లాగి చూసి దించండి. తర్వాత నిడివి వెంబడి మడిచి, మధ్యలో గుప్పెడు పూలరేకులు పెట్టి, తాడు వైపుకు చుట్టాలి. పూలరేకులు పెట్టడాన్ని జెండా నియమావళి ఒప్పుకుంటుంది. అయితే అవి ఆరినవై ఉండాలి. తడి బంతిరేకులు గుడ్డకు అంటుకుని మరక చేస్తాయి, ఎక్కువైతే బరువుకు ముడి బిగుస్తుంది. కింది తాడునే చుట్ట మీదుగా ఒక్కసారి తిప్పి, మడతగా దూర్చి జారుముడి వేయండి. రెండు చుట్లు వేస్తే లాగినకొద్దీ బిగుస్తుంది. పైకి ఎక్కించేటప్పుడు కింది తాడును వదులుగా ఉంచాలి, లేకపోతే సగం దారిలోనే ఊడిపోతుంది. ముడి రాత్రే వేసి ఉంచొద్దు. జనవరి మంచుకు తడిసిన తాడు మొరాయిస్తుంది.

ఆగస్టు 15న ఎర్రకోట మీద జెండాను కింది నుంచి పైకి ఎగరేస్తారు. జనవరి 26న పైన కట్టి ఉన్నదాన్ని విప్పుతారు. మన వీధుల్లో రెండు రోజులూ చుట్టి కట్టడమే అలవాటు. ఆగస్టులో మాత్రం కింది నుంచే చకచకా ఎగరేయమని మా సలహా. ముడి బెడద ఉండదు, జెండా పైకి లేవడం పిల్లలు కళ్లారా చూస్తారు.

జెండా విచ్చుకోగానే జనగణమన అందుకోవాలి, 52 సెకన్లు. నలుగురు పిల్లలకు మైకు ముందు పాడటం నేర్పండి. ఫోన్లో పెడితే మధ్యలో ప్రకటన రావచ్చు, కరెంటు పోతే ఆంప్లిఫయరూ ఆగుతుంది, పిల్లల గొంతు ఆగదు. ఉదయం ఆరు లోపు లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. ఎనిమిదికల్లా ముగిస్తే నెల్లూరు, ఒంగోలు పోలీసు పరేడ్ మైదానాల్లో జిల్లా వేడుకకూ వెళ్లొచ్చు. ముఖ్య అతిథి పావుగంట దాటినా రాకపోతే ఎవరు ఎగరేయాలో ముందే అనుకోండి. ఆ వీధి పారిశుద్ధ్య కార్మికురాలి చేత ఎగరేయిస్తే ఇంకా మంచిది. ఎండలో నిలబెట్టిన పిల్లలు కళ్లు తిరిగి పడిపోయేది ఆ ఎదురుచూపుల్లోనే. ప్రసంగాలు మూడు చాలు, ఒక్కోటి ఐదు నిమిషాలు.

2022 జూలై నుంచి సామాన్యులు రాత్రి కూడా జెండా ఎగరేయవచ్చు. అయినా గాలికి అంచులు చిరుగుతాయి కాబట్టి సాయంత్రం నెమ్మదిగా దించి, ఆరబెట్టి మడవండి. చిరిగిపోయినదాన్ని చాటుగా, గౌరవంగా కాల్చాలి. మిఠాయి పంచేచోటే ఒక సంచి పెట్టి కాగితం జెండాలు అందులో వేయించండి. రోడ్డు మీద పడి నలిగే జెండాలు అవే.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పెద్దల రోజులను కూడా ఇలాగే ముందే రాసిపెట్టుకోవాలి: వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశం జయంతి ఆగస్టు 23, పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచిన డిసెంబరు 15. గాంధీ జయంతికి నెల్లూరు పిల్లలను పల్లిపాడు ఆశ్రమానికి తీసుకెళ్లండి. 1921 ఏప్రిల్ 7న దాన్ని గాంధీజీయే ప్రారంభించారు. విగ్రహాలను ముందు రోజు నీళ్లతో, మెత్తటి గుడ్డతో కడగాలి. యాసిడ్ పోస్తే రంగు పోతుంది. కొత్త విగ్రహం ఆవిష్కరణకు ముసుగుగా జాతీయ జెండాను ఎప్పుడూ కప్పకూడదు, వేరే గుడ్డ వాడండి. వేసిన దండను మరునాడు ఎవరు తీస్తారో కూడా ఆ రోజే ఒకరికి అప్పజెప్పండి.