గురువారం మర్గిలాన్, ఆదివారం ఉర్గుత్: హైదరాబాద్ నుంచి ఎనిమిది మందితో ఉజ్బెక్ చేతిపనుల యాత్ర

ఉజ్బెకిస్తాన్ ప్యాకేజీలు హైదరాబాద్‌లో చాలానే దొరుకుతాయి. తాష్కెంట్, సమర్కంద్, కొండ మీద కేబుల్ కారు, రాత్రికి డ్యాన్సుతో భోజనం. ఐదారు రోజుల్లో తిరిగొచ్చేస్తారు. నేత, కుమ్మరం, కుట్టుపని, వంట దగ్గర కూర్చుని చూడాలంటే ఇవి పనికిరావు. నలుగురూ కలిసి సొంతంగా బృందం కట్టుకోవాలి. రోజుల లెక్కను విమానం తారీఖు నుంచి కాకుండా అక్కడి సంత రోజుల నుంచి వెనక్కి వేసుకోవాలి.

బృందం ఎనిమిది మందికి మించకుండా చూసుకోండి. ఒక మగ్గం చుట్టూ నలుగురైదుగురు నిలబడితేనే చేతులు కనిపిస్తాయి, ఆరో మనిషికి ముందున్నవాళ్ళ వీపులే. ఎనిమిది మందైతే రెండు విడతల్లో చూడొచ్చు. పాతబస్తీ ఇళ్ళను మార్చి నడిపే బసల్లో గదులు తక్కువ. నాలుగు గదులంటే దొరుకుతాయి, పది అడిగితే బృందాన్ని రెండు వీధుల్లో పంచుతారు. ఎనిమిది మందికి ఒక వ్యాను, సామానుకి వెనక సీట్లు. లెక్క సరిపోతుంది.

వెళ్ళేది ఏప్రిల్, మే నెలల్లో గానీ సెప్టెంబరు, అక్టోబరుల్లో గానీ. జూన్ చివరి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా అక్కడ 'చిల్లా' అంటారు, నలభై రోజుల మండుటెండ. మన ఎండలకు అలవాటు పడ్డామని ధీమాగా వెళ్ళినవాళ్ళు కూడా సమర్కంద్ నడిబొడ్డున ఉన్న రెగిస్తాన్ చౌకు రాతి గచ్చు మీద మధ్యాహ్నం నిలబడలేరు.

రోజుల లెక్క

ఫెర్గానా లోయలోని పట్టునేత ఊరు మర్గిలాన్‌లో కుంతెపా సంత గురువారం, ఆదివారం. ఆదివారం సంత పెద్దదే గానీ ఆ రోజు కార్ఖానాల్లో మగ్గాలు ఆగి ఉంటాయి. అందుకే గురువారం. సమర్కంద్‌కి 40 కిలోమీటర్ల దూరంలోని ఉర్గుత్ సంత ఆదివారం జోరుగా ఉంటుంది. ఈ రెండు రోజులూ ఖాయం చేసుకుంటే మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి.

సోమవారం తాష్కెంట్ చేరడం. మంగళవారం చోర్సు బజారు, చేతివృత్తుల మ్యూజియం, లాల్ బహదూర్ శాస్త్రి విగ్రహం (1966 జనవరి 11న ఆయన కన్నుమూసింది ఈ ఊళ్ళోనే). బుధవారం రైల్లో మర్గిలాన్. దాదాపు ఐదు గంటల ప్రయాణం, మధ్యలో 19 కిలోమీటర్ల పైచిలుకు కమ్చిక్ సొరంగం. గురువారం పొద్దున సంత, ఆ తర్వాత పట్టు కార్ఖానా. శుక్రవారం రిష్తాన్‌లో కుమ్మరం చూసి రాత్రికి తాష్కెంట్. శనివారం అఫ్రోసియాబ్ అనే వేగ రైల్లో రెండుంపావు గంటల్లో సమర్కంద్. ఆదివారం ఉర్గుత్, సోమవారం రెగిస్తాన్, కోనిగిల్ కాగితం మర. మంగళవారం బుఖారా. ఇక్కడ రైలు వద్దు, రోడ్డు మీద వెళ్తే దారిలో గిజ్దువాన్ కుమ్మరుల ఊరు తగులుతుంది. బుధవారం, గురువారం బుఖారాలో ఉండి సాయంత్రం రైలెక్కితే శుక్రవారం తాష్కెంట్ నుంచి విమానం. పదకొండు రాత్రులు.

ఖీవా ఎందుకు లేదని ఎవరో ఒకరు అడుగుతారు. 1990లో ఆ దేశం నుంచి యునెస్కో జాబితాకి మొదట ఎక్కిన ఊరు అదే, చెక్కపనికి పేరున్న చోటు కూడా. కానీ కిజిల్‌కుమ్ ఎడారి దాటి వెళ్ళి రావడానికే రెండు పగళ్ళు పోతాయి. చేతిపనుల కోసం వెళ్ళేవాళ్ళు ఆ రెండు పగళ్ళూ ఫెర్గానా లోయకి ఇవ్వడమే మేలు.

అఫ్రోసియాబ్ టికెట్లు అమ్మకానికి పెట్టిన రోజుల్లోనే అయిపోతాయి, ముఖ్యంగా సీజన్లో. టికెట్ మీద పాస్‌పోర్ట్ నంబరు, పేరు ఉంటాయి. మనవాళ్ళకి చిక్కొచ్చేది పేరు దగ్గరే. ఇంటిపేరు పొడి అక్షరంగా ఒకచోట, పూర్తిగా ఇంకోచోట రాస్తారు. పాస్‌పోర్ట్ అడుగున బాణం గుర్తులతో ఉండే రెండు వరుసల్లో పేరు ఎలా ఉందో వీసాలో, రైలు టికెట్లో, విమానం టికెట్లో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. ఈ-వీసా ఒక్క ప్రవేశానికి 20 డాలర్లు, నెల రోజుల బస. మూడు పనిదినాల్లో వస్తుందంటారు గానీ రెండు వారాల ముందే పెట్టుకోండి. బస చేసిన ప్రతి చోటా రిజిస్ట్రేషన్ చీటీ అడిగి తీసుకుని పాస్‌పోర్ట్‌లోనే ఉంచుకోండి.

మందుల పెట్టె సర్దేటప్పుడు జాగ్రత్త. కోడీన్ ఉన్న దగ్గుమందు, ట్రమడాల్ మాత్రలు మన దగ్గర డాక్టరు చీటీ మీద మామూలే, అక్కడి కస్టమ్స్‌లో మాత్రం పెద్ద గొడవ. ఇంట్లోనే వదిలేయండి. డ్రోన్ కూడా.

వెళ్ళేముందు పోచంపల్లిలో ఒక పూట

ఇది తప్పించొద్దు. భూదాన్ పోచంపల్లి నగరానికి 50 కిలోమీటర్ల లోపే. అక్కడ చిటికి కట్టడం ఒక గంట చూసినవాళ్ళకి మర్గిలాన్‌లో దుబాసీ సగం మాటలు చెప్పనక్కర్లేదు. నూలు కట్టల మీద గుర్తు పెట్టడం, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు ముక్క బిగించడం, ముంచడం, విప్పడం. అన్నీ తెలిసిన పనులే.

తేడా ఎక్కడుందంటే, మన దగ్గర పడుగుకీ పేకకీ రెండింటికీ కట్లు కడతారు, రెండూ ఒకచోట కలిసేలా నేస్తారు. ఉజ్బెకుల 'అబ్ర్‌బంది'లో కట్లు పడుగుకే. 'అబ్ర్' అంటే మబ్బు. అందుకే పువ్వు అంచులు నిలువునా మబ్బులా చెదిరి ఉంటాయి, అడ్డంగా మాత్రం గీత గీసినట్టు తెగుతాయి. అచ్చు వేసిన నకిలీ గుడ్డలో అంచు నాలుగు వైపులా ఒకే తీరుగా ఉంటుంది. కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే. తర్వాత తిరగేయండి. అద్రాస్‌లో, అంటే పట్టు పడుగు, నూలు పేక ఉన్న గుడ్డలో, రెండు వైపులా రంగు ఇంచుమించు ఒకేలా పలకాలి. అత్లాస్ మొత్తం పట్టు, శాటిన్ నేత, వెనక మెరుపు తగ్గుతుంది గానీ బొమ్మ పోదు. వెనక తెల్లగా పాలిపోయి ఉంటే అది అచ్చు. ఇంకా అనుమానముంటే అంచులో ఒక పోగు లాగి వెలిగించమనండి. పట్టు వెంట్రుక కాలిన వాసనేసి బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది, పాలిస్టర్ గట్టి పూసలా గడ్డకడుతుంది. నిజమైన సరుకున్న దుకాణదారు ఆ పని నవ్వుతూ చేస్తాడు.

పన్నా అడగడం మర్చిపోకండి. చేతి మగ్గం మీది గుడ్డ వెడల్పు 40 సెంటీమీటర్ల చుట్టుపక్కలే. మన 44 అంగుళాల పన్నాలో రెండున్నర మీటర్లు పట్టే కుర్తాకి ఇక్కడ ఏడు మీటర్లు కావాలి. మూడు మీటర్లు కొనుక్కొచ్చి దర్జీ దగ్గర తెల్లమొహం వేయడం మామూలుగా జరిగేదే. అద్రాస్‌కి చెక్క సుత్తులతో కొట్టి మెరుపు తెస్తారు, పాత పద్ధతిలో కోడిగుడ్డు తెల్లసొన కూడా పూస్తారు. ఇంటికొచ్చి నీళ్ళలో ముంచితే ఆ మెరుపు పోతుంది. డ్రైక్లీనింగే.

ఈ అత్లాస్, అద్రాస్ నేతను కాపాడుతున్న మర్గిలాన్ కేంద్రాన్ని యునెస్కో 2017లో మంచి పరిరక్షణ పద్ధతుల జాబితాలో చేర్చింది. పురుగు కాయ నుంచి దారం తీయడం మొదలు అన్ని దశలూ చూడాలంటే పొద్దున తొమ్మిదికల్లా చేరాలి, భోజనం వేళ దాటితే రంగు తొట్ల దగ్గర ఎవరూ ఉండరు. పనివాళ్ళలో పెద్దాయన్ని 'ఉస్తా' అనండి, ఆడవాళ్ళని 'ఒపా' అంటే అక్కా అని.

సుజని, పింగాణీ

సుజని అంటే సూదిపని, 'సూజన్' అంటే పారసీలో సూది. మన మగ్గం వర్క్ తెలిసిన వాళ్ళకి ఇందులో సగం పరిచయమే. కొక్కెం సూదితో వేసే గొలుసు కుట్టు 'యుర్మా', అచ్చం ఆరీ పని. ఇంకోటి 'బోస్మా', పొడుగు దారం పరిచి దాని మీద అడ్డంగా చిన్న కుట్లతో నొక్కడం. పాత పద్ధతిలో గుడ్డను సన్నటి పట్టీలుగా విడదీసి ఇంట్లో ఆడవాళ్ళు తలా ఒకటి కుట్టి చివర్లో కలుపుతారు. అందుకే అతుకు దగ్గర దానిమ్మ పువ్వు అర అంగుళం జరిగి కనిపిస్తుంది, ఎరుపులో కూడా కాస్త తేడా ఉంటుంది. అది లోపం కాదు, చేతిపనికి సాక్ష్యం. అన్నీ తూకంగా అతికితే, వెనక దారం ముడి ఒక్కటీ లేకుండా నున్నగా ఉంటే మిషను పని. 50 ఏళ్ళు దాటిన వస్తువులు అనుమతి పత్రం లేకుండా దేశం దాటవు. ఉర్గుత్‌లో 'పాతది, పాతది' అని అమ్మేవాళ్ళ దగ్గర కొంటే ఆ పత్రం సంగతి ముందే తేల్చుకోండి, కొత్తదైతే రసీదు రాయించుకోండి.

రిష్తాన్ పళ్ళేల నీలం, ఎడారి మొక్కను కాల్చిన బూడిదతో చేసే 'ఇష్కోర్' పూతది. గిజ్దువాన్‌ది గోధుమ, పసుపు, ఆకుపచ్చ. కొనేముందు ఒక్క ప్రశ్న: తినడానికా, గోడకా? కొన్ని పూతల్లో సీసం ఉంటుంది. చేసినవాళ్ళనే అడిగితే వేరుచేసి చూపిస్తారు. అడక్కుండా కొన్న గిన్నెలో మాత్రం పులుసు, నిమ్మకాయ పచ్చడి పెట్టకండి.

తిండి

మన బృందాల్లో సగం మందికి మాంసం సంగతే పెద్ద బెంగ. అక్కడ గొడ్డుమాంసం, గుర్రం మాంసం రెండూ మామూలు, పలావు మీద 'కాజీ' ముక్కలు పెడితే అది గుర్రం. నాలుగు మాటలు కాగితం మీద రాసుకోండి: 'కోయ్ గోష్ట్' గొర్రె, 'మోల్ గోష్ట్' గొడ్డు, 'ఒత్ గోష్ట్' గుర్రం, 'తోవుక్' కోడి. శాకాహారులకి 'గోష్ట్‌సిజ్', అంటే మాంసం లేకుండా. ఇది చెప్పినా రసం మాంసానిదే కావచ్చు. గుమ్మడికాయ సోంసా, గుమ్మడికాయ మంతి (ఆవిరి మీద ఉడికించే కుడుము), టమాటా ఉల్లిపాయల అచ్చిచుక్, తందూరు రొట్టె, పెరుగు, పళ్ళు. పదకొండు రోజులు వీటితో గడపొచ్చు. పప్పుపొడి ఒక డబ్బా పట్టుకెళ్ళడం సిగ్గుపడాల్సిన విషయమేం కాదు.

పలావు మధ్యాహ్నం వంట. రెండు దాటాక వెళ్తే కజాన్, అంటే పలావు వండే పెద్ద బాణలి, ఖాళీ అయి ఉంటుంది. 2016లో యునెస్కో గుర్తింపు వచ్చిన ఈ వంటను ఎవరింట్లోనైనా దగ్గరుండి చేయించుకోండి. ఎనిమిది మందికి కొలత తేలిక: బియ్యం, గొర్రె మాంసం, క్యారెట్ ఒక్కోటి మొత్తం ఒక కిలో. ఉల్లిపాయలు 300 గ్రాములు, నూనె పావు లీటరు, జీలకర్ర ఒక పెద్ద చెంచా, పొట్టు పైపైన తీసిన వెల్లుల్లి గడ్డలు రెండు, నానబెట్టిన శనగలు గుప్పెడు.

నూనె పొగ వచ్చేదాకా కాగాక మాంసం ఎర్రగా వేయించి, ఉల్లిపాయ, ఆపైన అగ్గిపుల్లల్లా తరిగిన క్యారెట్. అంతా మునిగేలా నీళ్ళు పోసి, వెల్లుల్లి గడ్డలు దించి, సన్నసెగ మీద 45 నిమిషాలు. దీన్ని 'జిర్వాక్' అంటారు, రుచి చూస్తే ఒక పిసరు ఉప్పెక్కువ అనిపించాలి. ఆ ఉప్పు బియ్యం లాగేసుకుంటుంది. అరగంట నానిన బియ్యం పైన పరిచి, చిల్లుల గరిటె అడ్డం పెట్టి మరిగే నీళ్ళు వేలు వెడల్పు ఎత్తు పోయాలి. పెద్ద మంట మీద నీళ్ళు ఇంకాక గరిటె కాడతో అక్కడక్కడా గుచ్చి, గుట్టలా చేర్చి మూతపెట్టి 20 నిమిషాలు. ఎక్కడా కలపకూడదు. మన చెయ్యి బిర్యానీ అలవాటు మీద అల్లంవెల్లుల్లి ముద్ద వైపు, గరం మసాలా వైపు వెళ్తుంది, ఆపుకోవాలి. హైదరాబాద్ తిరిగొచ్చాక చేస్తే సోనామసూరి ముద్దవుతుంది, సేలా బాస్మతి నిలబడుతుంది.

రొట్టె బోర్లా పెట్టకండి, తప్పుగా చూస్తారు. పియాలాలో టీ సగమే పోస్తే పిసినారితనం అనుకోకండి, మళ్ళీ మళ్ళీ పోస్తామని మర్యాద. నిండుగా పోశారంటే తాగి బయల్దేరమని. దక్కనీ ఉర్దూ వచ్చినవాళ్ళకి ఇక్కడ సగం మాటలు చెవికి తగులుతాయి: బోజోర్, దుకోన్, చోయ్, కితోబ్, అనోర్. అసఫ్‌జాహీల పూర్వీకుడు ఖిలిచ్ ఖాన్ వచ్చింది సమర్కంద్ వైపు నుంచే. 1687లో గోల్కొండ ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు, సమాధి హిమాయత్‌సాగర్ దగ్గర ఉంది.

తిరుగు సామాను

విమానం టికెట్లు విడివిడిగా కొంటే చిక్కు ఢిల్లీలో విమానం మారేటప్పుడు మొదలవుతుంది. తాష్కెంట్ నుంచి 20 కిలోల పైన అనుమతించిన పెట్టెని, దేశీయ విమానంలో మామూలుగా 15 కిలోలే అంటారు. ఒక్కో రిష్తాన్ పెద్ద పళ్ళెం కిలోకి పైనే తూగుతుంది. టికెట్ ఒకే బుకింగ్‌లో తీసుకోండి, లేదా అదనపు బరువు ముందే కొనండి, విమానాల మధ్య ఐదు గంటలు ఉంచుకోండి. పళ్ళేలు పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, ఒక్కోదాన్ని విడిగా గుడ్డలో చుట్టి, పెట్టె మధ్యలో సర్దాలి. సుజనీలు పైన చుట్టడానికి కాదు, రంగు దిగితే ఇక అంతే. బుఖారా కమ్మరుల పక్షి ముక్కు కత్తెరలు చేతిసంచిలో పెట్టారో, తాష్కెంట్ తనిఖీలోనే వదిలేసి రావాలి.